అరకులోయలో కళాకేంద్రం: స్థలనిర్ణయంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అరకులోయలో గిరిజన కళలను సందర్శకులకు పరిచయం చేసే స్థలాలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి 1996లో ఏర్పడిన గిరిజన మ్యూజియం. రెండవది, రెండో ప్రపంచయుద్ధకాలం నుంచి ఉన్న పద్మాపురం ఉద్యానవనం. ఈ రెండూ యాత్రికుల రాకపోకల మార్గాన్ని అనుసరించి ప్రాధాన్యం పొందాయి. కళ నిత్యాచరణలో ఉండే ఊరిబయలుకు ఈ పటంలో చోటు దొరకలేదు. ఇక్కడ ఒక కళాకేంద్రాన్ని ఉద్యానవనంలో నెలకొల్పడం సముచితమా, గ్రామసభ అధీనంలోని నేలమీద నెలకొల్పడం సముచితమా అన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. థింసా నృత్యరూపాల స్వభావం, షెడ్యూల్డు ప్రాంతాల భూమి చట్టాలు, తాజంగి, భోపాల్, తేజ్‌గఢ్, నూమేయా కేంద్రాల అనుభవం ఈ పరిశీలనకు ఆధారాలు. కేంద్రం నిలిచే స్థలమే అక్కడ ఆతిథేయి ఎవరో, అతిథి ఎవరో నిర్ణయిస్తుందని, అందువల్ల స్థలనిర్ణయాన్ని కళావిమర్శలో భాగంగా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అరకులోయ, థింసా, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, గ్రామసభ, పెసా చట్టం, సమత తీర్పు, కళాకేంద్రం.

1. ఉపోద్ఘాతం:

ఒక కళను గురించి రాసేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలను, రూపభేదాలను, వాద్యాలను, వేషధారణను వివరించడం మన జానపద, గిరిజన విజ్ఞాన పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. ఆ కళ ఏ నేలమీద జరుగుతుంది, ఆ నేల ఎవరిది, అక్కడికి ఎవరు ఎవరిని పిలుస్తారు అనే ప్రశ్నలకు ఆ వివరణలో దక్కే చోటు తక్కువ. ప్రభుత్వం ఒక కళాకేంద్రాన్ని కట్టదలచినప్పుడు మాత్రం స్థలమే మొదటి ప్రశ్నగా ముందుకు వస్తుంది. అప్పుడు దానికి సమాధానం చెప్పేవారు రెవెన్యూ అధికారులు, ఇంజనీర్లు, పర్యాటకశాఖ ప్రణాళికాకర్తలు. ఖాళీగా ఉన్న ప్రభుత్వభూమి ఎక్కడుంది, రోడ్డు ఎంత దూరం, వాహనాలు నిలపడానికి చోటుందా అన్నవి వారి కొలమానాలు. అవి అవసరమైన కొలమానాలే. అయితే కళ స్వభావాన్ని గురించి అవి ఏమీ చెప్పవు. ఆ పని విమర్శకులది.

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ ఈ చర్చకు తగిన క్షేత్రం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది భాగం. పాడేరు ఆ జిల్లాకు కేంద్రం. బగత, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, ఖోండు, వాల్మీకి మొదలైన తెగలు ఈ కొండల్లో నివసిస్తున్నాయి. భాషాపరంగా కూడా ఇది సంపన్నమైన ప్రాంతం. కొండదొరల కుబి భాష ద్రావిడ కుటుంబానికి చెందింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో దానిపై సమగ్ర వ్యాకరణగ్రంథాన్ని వెలువరించారు. గదబలలో ఒక శాఖ మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానికి చెందినది. తెగల మధ్య వ్యవహారభాషగా ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. ఇన్ని భాషల వారిని ఒకే వరుసలో నిలబెట్టేది థింసా. అందువల్ల ఇక్కడి కళాకేంద్రాన్ని గురించిన ఏ చర్చ అయినా థింసా దగ్గరే మొదలుకావడం సమంజసం.

2. రైలుమార్గం గీసిన సాంస్కృతిక పటం:

అరకులో నేడు కళాస్థలాలుగా గుర్తింపు పొందిన చోట్లను పరిశీలిస్తే అవన్నీ ఒక ప్రయాణమార్గం మీద వరుసగా కనిపిస్తాయి. ఆ మార్గానికి మూలం కొత్తవలస–కిరండూల్ రైలు. బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చేందుకు 1960ల్లో ఆ మార్గాన్ని నిర్మించారు. ఖనిజం కోసం వేసిన పట్టాలమీదే తరువాతి కాలంలో పర్యాటకం వచ్చింది. 2017లో అద్దాల పెట్టె కూడా ఆ రైలుకు చేరింది. విశాఖ నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి చేరే యాత్రలో అరకుకు దక్కేవి కొన్ని గంటలు మాత్రమే. మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, థింసా ప్రదర్శన, బొర్రా గుహలు ఆ కొన్ని గంటల్లో ఇమడవలసిన అంశాలు. థింసా అక్కడ ఒక జాబితాలోని అంశంగా, రెండు చూడదగిన చోట్ల నడుమ కాలక్షేపంగా మారింది.

పద్మాపురం ఉద్యానవన చరిత్ర ఆలోచింపజేసేది. రెండో ప్రపంచయుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించి పంపేందుకు 1942లో దీనిని ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిశాక అది పూలతోటగా, నర్సరీగా, క్రమంగా చెట్లమీది కుటీరాలు, పిల్లల రైలు ఉన్న విహారస్థలంగా మారింది. ఈ తోట ఆరంభం నుంచీ బయటివారి అవసరానికి ఏర్పడింది. మొదట సైనికుల ఆహారం, తరువాత యాత్రికుల ఆహ్లాదం. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. తోటగా అది తన పనిని చక్కగా నెరవేరుస్తోంది. అయితే దానిని గిరిజన కళలకు సహజమైన నెలవుగా భావించినప్పుడే చిక్కు మొదలవుతుంది. ప్రవేశరుసుము ఉన్న గేటు, సాయంత్రానికి మూసే వేళ, నడిచేందుకు వేసిన బాటలు, తొక్కకూడని పచ్చిక ఒక తోటను కాపాడే నియమాలు. రాత్రంతా సాగే ఆటకు అవే నియమాలు సంకెళ్లు.

గిరిజన మ్యూజియం పరిస్థితి కొంత భిన్నం. పెళ్లి, వేట, నృత్యం, వంట, అలంకరణ వంటి జీవనఘట్టాలను నిలువెత్తు బొమ్మల ద్వారా చూపే ఈ ప్రదర్శనశాల గిరిజన జీవితాన్ని గౌరవంతో చూపాలని ప్రయత్నించింది. విశాఖ నుంచి వచ్చిన విద్యార్థికి కొన్ని పనిముట్ల పేర్లు, కొన్ని నగల పేర్లు తెలిసేది అక్కడే. ఆ ప్రయోజనాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ బొమ్మలరూపంలోని థింసా వరుసను చూసి బయటకు వచ్చిన సందర్శకునికి, అదే వరుస అదే రోజు సాయంత్రం విడిదిగృహం ఆవరణలో నిర్ణీత సమయానికి ఆడి ముగిస్తే, రెండింటికీ భేదం తోచదు. ఆ నిర్ణీత సమయంలో వరుసలోకి ఎవరు వస్తారో, ఎప్పుడు ఆగుతుందో ముందే తెలుసు. ఆటకు ఆ అనిశ్చితి పోయినప్పుడు మిగిలేది దాని ఆకారం.

3. థింసా కోరే స్థలం:

థింసాను ఒకే నృత్యంగా వర్ణించడం అలవాటైనప్పటికీ అది సందర్భాన్నిబట్టి పేరు మారే నృత్యాల సమాహారం. బోడ థింసా గ్రామదేవత పూజకు సంబంధించినది. పురుషులు ఒక వరుసగా, స్త్రీలు ఒక వరుసగా నిలిచి, వెనుకనుంచి ఒకరి చేతులు ఒకరు పట్టుకొని అడుగు కలుపుతారు. గుండేరి థింసాలో పురుషుడు పాడుతూ స్త్రీలను ఆటకు ఆహ్వానిస్తాడు. గొడ్డిబేట థింసాలో ముందుకు వంగి ఊగుతూ లేచే కదలిక ప్రధానం. పొతర్ తోలా థింసా ఆకులు కోసే పనిని అభినయిస్తుంది. భాగ్ థింసా పులి మీదపడినప్పుడు తప్పించుకొనే తీరును చూపుతుంది. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఆడతారు. నాటికారి థింసా ఒక్కరే ఆడేది. ముఖ్యంగా వాల్మీకులు దీపావళి వేళ ఆడతారు. బాయ థింసా గ్రామదేవత పూనిన వ్యక్తి ఆడేది, అతని వెంట తక్కినవారు అడుగులు వేస్తారు.

ఈ విభాగాన్ని స్థలదృష్టితో చదివితే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, ఈ రూపాలలో కొన్నింటికి దేవత సన్నిధి అవసరం. బోడ, బాయ థింసాలను ఆ సన్నిధినుంచి విడదీసి వేదికమీదికి తెస్తే మిగిలేది అడుగుల క్రమమే. రెండవది, ఈ రూపాలలో ప్రేక్షకుడు అనే పాత్ర స్థిరంగా లేదు. గుండేరిలో చూస్తున్న స్త్రీ ఏ క్షణానైనా వరుసలో చేరవచ్చు. అలసినవారు వరుస విడిచి చూసేవారిలో కలుస్తారు. వరుస పెరుగుతుంది, తరుగుతుంది, వలయంగా చుట్టుకుంటుంది, మళ్లీ విప్పుకుంటుంది. ఎత్తైన వేదిక, దానికెదురుగా కుర్చీలు అన్న అమరిక ఈ మార్పిడిని మొదటి క్షణంలోనే ఆపేస్తుంది. మూడవది వాద్యం. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు కలిసిన ధ్వని ఊరంతటికీ వినిపించాలి. అది పిలుపు. గోడల మధ్య, గంటలవారీగా ఆ ధ్వని వినిపిస్తే పిలవడం అనే దాని మొదటి పని తప్పిపోతుంది. వాయించేవారు చాలాచోట్ల వాల్మీకులు, ఆడేవారు ఇతర తెగలవారు. కాబట్టి ఆట జరిగే చోటు ఏ ఒక్క తెగకో చెందినదిగా కాక అందరూ రాగలిగినదిగా ఉండవలసి వస్తుంది.

నాల్గవది కాలం. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలో మగవారు వేటకు వెళితే ఊళ్లో ఆడవారి ఆటపాటలు సాగుతాయి. ఆ రోజుల్లో ఆడవారు దారికి అడ్డంగా కర్ర కట్టి వచ్చేపోయే వాహనాలను ఆపి డబ్బు అడగడం ఈ మన్యంలో కనిపించే ఆచారం. స్థలనిర్ణయం గురించి ఆలోచించేవారు ఈ దృశ్యాన్ని జాగ్రత్తగా చదవాలి. ఏడాది పొడవునా రోడ్డు యాత్రికునిది. ఆ కొద్దిరోజులు అది ఊరిది. దాటిపోవడానికి అనుమతి ఇచ్చేది ఊరి ఆడవారు. ఉద్యానవనం గేటు దగ్గర టికెట్టు తీసుకోవలసిన గిరిజన స్త్రీయే ఇక్కడ గేటు వేసి రుసుము అడుగుతోంది. ఒకే ఆట, ఒకే మనిషి. నిలబడిన చోటు మారగానే హోదా మారింది.

ఆట జరిగే ఊరిబయలు ఖాళీస్థలం కాదని కూడా గమనించాలి. చాలా గ్రామాల్లో ఊరి నడుమ రాతిరూపంలో నిశాని దేవత, ఊరి వెలుపల చెట్లకింద జాకర దేవత ఉంటారు. సరిహద్దుకు అవతల కోరాపుట్ గదబ గ్రామాల్లో పెద్దలు కూర్చొనే రాతి వలయాలున్నాయి. వాటిని పితృకర్మలతో ముడిపడిన శిలాస్మారకాలుగా హైమెండార్ఫ్ 1940లలోనే అధ్యయనం చేశారు. పంచాయితీ, పూజ, ఆట, పితృస్మరణ ఒకే బయలులో జరుగుతాయి. రెవెన్యూ దస్త్రంలో పోరంబోకుగా కనిపించే చోటు ఊరికి సభామండపం కావచ్చు.

4. కూచిపూడితో ఒక పోలిక:

కళ తన ఊరు విడిచి వెళ్లకూడదన్నది ఈ వ్యాసం వాదన కాదు. తెలుగువారి అనుభవంలోనే అందుకు విరుద్ధమైన గొప్ప ఉదాహరణ ఉంది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు. కృష్ణాజిల్లా పల్లెలో పుట్టిన నాట్యం మహానగరంలో కొత్త రూపకాలతో, కొత్త శిష్యులతో విస్తరించింది. స్థలం మారినందువల్ల అది నశించలేదు. మరి అరకు థింసాకు ఉద్యానవనం ఎందుకు సరిపడదు అనే ప్రశ్న సహజం.

ఈ రెండు కళల నిర్మాణంలోనే జవాబు ఉంది. కూచిపూడి భాగవతులు మేళంగా కూడి ఊరూరా తిరిగి ప్రదర్శించిన సంప్రదాయం కలవారు. వారి ఆటలో తెర ఉంది, ప్రవేశదరువు ఉంది, సూత్రధారుడున్నాడు. చూసేవారికి ఆడేవారు కథ చెప్పడం ఆ కళకు పునాది. ఊరి గుడిముందు పందిరి అయినా, నగరంలోని రంగశాల అయినా ఆ సంబంధం మారదు. థింసాలో కథ చెప్పే పాత్రధారి లేడు, కథ వినే సభ లేదు. ఊరు తనకోసం తాను ఆడుకొనే ఆట అది. ప్రయాణించగల కళకు నగరంలో కేంద్రం కట్టడం దానిని విస్తరింపజేస్తే, ఊరు కూడడమే ప్రయోజనంగా గల కళకు ఊరిని విడిచిన కేంద్రం కొత్త ప్రయోజనాన్ని అంటగడుతుంది. కాబట్టి అన్ని కళలకూ ఒకే నమూనా భవనం, ఒకే నమూనా స్థలం అనే విధానం విమర్శదృష్టిలో నిలవదు.

5. నేలకు జ్ఞాపకం ఉన్నచోటు – తాజంగి:

ఇదే జిల్లాలో చింతపల్లి మండలం తాజంగి దగ్గర గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం కోసం ఎంచుకున్న స్థలం పోలికకు ఉపకరిస్తుంది. గిరిజన వీరుల స్మృతికి వివిధ రాష్ట్రాల్లో మ్యూజియాలు నెలకొల్పుతామని 2016 స్వాతంత్ర్యదినోత్సవ ప్రసంగంలో ప్రధానమంత్రి ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు లంబసింగి పరిసరాలు ఎంపికయ్యాయి.

ఈ ఎంపికకు చారిత్రక సమర్థన బలంగా ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో చరిత్రకారులు దీనిని ముఖ్యంగా పేర్కొన్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుపై అల్లూరి సీతారామరాజు బృందం జరిపిన దాడితో ఆ పోరాటం బయటపడింది. మరుసటి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు ఆ దాడులకు గురయ్యాయి. నేడు చలికాలంలో మంచు చూడడానికి లంబసింగికి వెళ్లే యాత్రికుడు ఆ చాకిరీ నడచిన దారినే ఎక్కుతాడు. స్మారకానికి ఇంతకంటే మాట్లాడే నేల దొరకదు.

అయితే చరిత్ర మ్యూజియానికి సరిపోయే తర్కం కళాకేంద్రానికి పూర్తిగా సరిపోదు. స్మారకం గతాన్ని ఒకచోట నిలపాలి. అందుకు జరిగిన చోటు కావాలి. కళాకేంద్రం జరుగుతున్నదానిని కొనసాగనివ్వాలి. అందుకు జరుగుతున్న చోటు కావాలి. తాజంగి ఎంపిక నుంచి అరకు నేర్చుకోదగిన పాఠం ఒకటే: రోడ్డు సౌకర్యంతోపాటు నేలకూ విషయానికీ గల సంబంధాన్ని కూడా ఎంపికకు ప్రమాణంగా స్వీకరించడం సాధ్యమే.

6. చట్టం చెప్పే స్థలం:

అరకులోయ రాజ్యాంగం ఐదవ షెడ్యూలు పరిధిలోని ప్రాంతం. ఇక్కడ స్థలనిర్ణయం సౌందర్యానికో సౌకర్యానికో పరిమితమైన విషయం కాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన 1/70 చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిషేధించింది. ఆ చట్టంలోని 'వ్యక్తి' అనే మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందని, ప్రభుత్వభూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ వివాదం పుట్టినది దూరాన ఎక్కడో కాదు. బొర్రా ప్రాంతంలో, అనంతగిరి మండలం నిమ్మలపాడు వంటి గ్రామాల్లో గనుల లీజులపై అది మొదలైంది. అరకు యాత్రికుడు గుహలు చూడడానికి ఆగే పరిసరాలే అవి.

ఆ తీర్పు గనులకు సంబంధించినదైనా దాని తర్కం కళాకేంద్రం విషయంలోనూ ఆలోచించదగినది. ప్రభుత్వభూమిలో కేంద్రం కట్టి నిర్వహణను బయటి సంస్థకు అప్పగించే పద్ధతిని ఇక్కడ అనుసరిస్తే, భూమి పేరు మారకపోయినా దానిమీది అధికారం చేతులు మారుతుంది. గనుల విషయంలో గిరిజన సహకారసంఘాలకు అవకాశం ఉండవచ్చునని ఆ తీర్పు చెప్పింది. కళాకేంద్రం నిర్వహణకూ అదే మార్గం ఆదర్శం కావడం న్యాయం.

1996 నాటి పెసా చట్టం ఈ విషయంలో ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని, సామూహిక వనరులను కాపాడుకొనే సామర్థ్యం గ్రామసభకు ఉందని సెక్షన్ 4(డి) గుర్తించింది. అభివృద్ధి పథకాలకోసం భూమి సేకరించే ముందు గ్రామసభతోగాని తగిన స్థాయి పంచాయతీతోగాని సంప్రదించాలని 4(ఐ) నిర్దేశించింది. దీనికి అనుబంధంగా ఆంధ్రప్రదేశ్ నియమాలు 2011లో వచ్చాయి. సంస్కృతి, వనరులు ఒకే వాక్యంలో ఒకే సభ చేతిలో ఉంచిన చట్టం ఇది. కళాకేంద్రం అనే ప్రతిపాదనలో సంస్కృతీ ఉంది, భూమీ ఉంది. స్థలం ఖరారైన తరువాత ప్రారంభోత్సవానికి థింసా బృందాన్ని పిలవడం సంప్రదింపు కాదు. స్థలం ఎంపికలోనే గ్రామసభ మాట మొదటి మాట కావాలి. ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్న ఉద్యానవనాన్ని ఎంచుకుంటే భూసేకరణ అవసరం రాదు, కాబట్టి సంప్రదింపూ అవసరం లేదనే సౌలభ్యం కనిపించవచ్చు. ఉద్యానవనం వైపు మొగ్గడానికి ఈ సౌలభ్యమే కారణమైతే అది చట్టం అక్షరాన్ని పాటించి దాని ఉద్దేశాన్ని దాటవేయడమే.

7. ఇతర ప్రాంతాల అనుభవం:

భోపాల్‌లో శ్యామలా హిల్స్ మీద సుమారు 200 ఎకరాల్లో విస్తరించిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం ఆరుబయట గిరిజన ఆవాసాలకు ప్రసిద్ధి. అక్కడి ఇళ్లను ఆయా తెగలవారే వచ్చి తమ సామగ్రితో, తమ పద్ధతిలో కట్టారు. అదే నగరంలో 2013లో ప్రారంభమైన మధ్యప్రదేశ్ గిరిజన మ్యూజియంలో ప్రదర్శనలను గిరిజన కళాకారులే రూపొందించారు. గాజుపెట్టెల్లో వస్తువులను పేర్చే పద్ధతిని అది దాటింది. నిర్మాణంలో భాగస్వామ్యం అన్న అంశంలో ఈ రెండూ అరకు మ్యూజియం కంటే ముందున్నాయి. అయినా కట్టినవారు పని ముగించి తమ ఊళ్లకు తిరిగివెళతారు. కట్టిన ఇల్లు నగరంలో మిగులుతుంది. రాజధానిలోని జాతీయస్థాయి సంస్థకు ఇది తప్పనిసరి పరిమితి. అరకుకు ఆ పరిమితి లేదు. కళాకారుల ఊళ్లు అక్కడే ఉన్నాయి. నగరానికి తప్పని నమూనాను ఊళ్ల నడుమ అనుకరించడం అనవసరమైన పేదరికం.

గుజరాత్‌లో ఛోటా ఉదేపూర్ ప్రాంతంలోని తేజ్‌గఢ్ మరొక దారి చూపింది. గణేశ్ దేవి ఆధ్వర్యంలోని భాషా సంస్థ తన ఆదివాసీ అకాడమీకి బరోడా నగరాన్ని కాక రాఠ్వాలు నివసించే ఆ గ్రామాన్ని ఎంచుకుంది. భాషలను నమోదుచేయడం, గిరిజన యువతకు శిక్షణ ఇవ్వడం, వస్తువులను భద్రపరచడం అక్కడ ఒకేచోట సాగాయి. అక్కడికి వచ్చే పరిశోధకుడే బయటివాడు. కేంద్రంలో పనిచేసేవారిలో స్థానికులు ఉన్నారు. సందర్శకుల సంఖ్య తక్కువైనా సంస్థ ఎవరికి జవాబుదారీ అన్న విషయంలో సందేహం ఉండదు.

దేశం వెలుపల న్యూ కలెడోనియాలోని నూమేయా నగరంలో 1998లో ప్రారంభమైన జాన్‌మరీ చిబావు సాంస్కృతిక కేంద్రం స్థలనిర్ణయం దృష్ట్యా ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో దానిని రూపకల్పన చేశారు. ప్రపంచమంతా దాని ఎత్తైన కలపనిర్మాణాలను ప్రశంసించింది. అంతకంటే ముఖ్యమైన విషయం, అది నిలిచిన తినా ద్వీపకల్పమే 1975లో చిబావు నాయకత్వంలో కనక్ ప్రజలు 'మెలనీషియా 2000' ఉత్సవానికి కూడిన స్థలం. జనం కూడిన చోటుకు భవనం వచ్చింది. కేంద్రం చుట్టూ పెంచిన తోట కూడా కనక్ గాథను మొక్కల ద్వారా చెప్పే బాటగా రూపొందింది. తోటలో కళను ఒక మూలన కూర్చోబెట్టకుండా, తోటనే కళగా చదివించిన పద్ధతి అది. పద్మాపురంలో కూడా అటువంటి ఆలోచనకు అవకాశం ఉంది. అడ్డాకులు, ఇప్ప, జీలుగ, కొండచీపురు, రాగి, సామ, కాఫీ నీడచెట్లు ఎవరి జీవితంలో ఏ పనికి వస్తాయో కుబి, గుతోబ్, ఆదివాసీ ఒడియా, తెలుగు పేర్లతో చెప్పగలిగితే ఆ తోట ఇప్పటికంటే ఎంతో ఎక్కువ మాట్లాడుతుంది.

8. అభ్యంతరాలు – పరిష్కారం:

ఊరిబయలు వైపు మొగ్గే ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. యాత్రికులను ఊళ్లలోకి తీసుకెళితే ఊరే ప్రదర్శనశాల అవుతుంది. ఇంటి ముంగిట్లోకి కెమెరాలు వస్తాయి. పూజకు వేళ కాకపోయినా ఆడమని డబ్బు చూపేవారు వస్తారు. రోడ్డు పక్కన, బస్తీలో మ్యూజియం ఉండడం వల్లనే లోపలి గ్రామాలు కొంతవరకు తమ మానాన తాము ఉండగలిగాయి. ఈ వాదనను తోసిపుచ్చలేం. మ్యూజియం ఒక కంచెలా పనిచేసిందని, ఆ కంచె ఊరికి కొంత మేలు చేసిందని ఒప్పుకోవాలి. థింసా ప్రదర్శనవల్ల కొన్ని బృందాలకు వచ్చే ఆదాయం కూడా చిన్న విషయం కాదు. ఆ ఆదాయాన్ని తృణీకరించే హక్కు విమర్శకునికి లేదు.

కళాకేంద్రం అనే ఒకే పేరుకింద రెండు వేర్వేరు పనులను కలిపివేయడం వల్ల ఈ చిక్కు ఏర్పడింది. పరిచయం చేయడం, అమ్మడం, ఆడి చూపడం సందర్శకునికోసం చేసే పనులు. నేర్పడం, మోరి, కిరిడి వంటి వాద్యాలను చేయడం, పాటలను ఆ భాషల్లోనే నమోదుచేసి ఊరికి అందుబాటులో ఉంచడం, ఊరి పెద్దల వద్ద పిల్లలు కూర్చొని వినడం ఊరికోసం చేసే పనులు. మొదటి రకానికి ఉద్యానవనం, మ్యూజియం తగిన చోట్లే. రెండవ రకానికి అవి తగవు. రెండింటినీ ఒకే గేటు వెనుక పెడితే టికెట్టు కొనేవారి అవసరమే నెగ్గుతుంది. ఏ సంస్థలోనైనా డబ్బు వచ్చే వైపుకే పనివేళలు, సిబ్బంది, మరమ్మతులు మళ్లుతాయి.

అందువల్ల ఈ కింది క్రమం సముచితమని తోస్తుంది. నేర్చుకొనే కేంద్రం గ్రామసభ చూపిన నేలమీద, గ్రామసభ అధీనంలో ఉండాలి. అది నిశాని, జాకర స్థలాలకు దూరంగా, చుట్టుపక్కల ఊళ్లవారు కాలినడకన చేరగలిగినంత దగ్గరగా ఉండాలి. వారపు సంతకు వచ్చే దారిలో ఉంటే వేర్వేరు తెగలవారు ఎలాగూ కలిసే రోజునే అక్కడా కలుస్తారు. దానికి పెద్ద భవనం అక్కరలేదు. వానకు నిలవగల కప్పు, నమోదు సామగ్రిని భద్రపరిచే గది, చుట్టూ బండలు పరవని మట్టినేల చాలు. థింసా ఆడేది చెప్పులు లేని పాదాలతో. నున్నని టైల్సుమీద ఆ అడుగు పడే తీరు వేరు. ప్రవేశరుసుము, మూసే వేళ ఉండకూడదు. పద్మాపురంలో మాత్రం ఒక పరిచయశాల, మొక్కల బాట, గిరిజన సహకారసంఘం నడిపే అమ్మకపుశాల ఉండవచ్చు. అక్కడ ప్రదర్శన జరిగే రోజులను, వాటి పారితోషికాన్ని, ఏ రూపాలు బయట ఆడవచ్చునో, ఏవి ఊరు దాటకూడదో నిర్ణయించే అధికారం ఊళ్లలోని బృందాలదే కావాలి. బోడ, బాయ థింసాలను పరిచయశాలలో చూపకూడదని వారు నిర్ణయిస్తే ఆ లోటును సందర్శకుడు అంగీకరించక తప్పదు. అన్నీ చూడగలగడం సందర్శకుని హక్కు అని ఏ కళాశాస్త్రమూ చెప్పలేదు.

రెండు చోట్ల నిర్వహణ ఖర్చు పెరుగుతుందనేది మరో అభ్యంతరం. ఊరి కేంద్రం స్వల్పనిర్మాణం కాబట్టి ఆ భారం పరిమితమే. పరిచయశాల ఆదాయంలో నిర్ణీత భాగం ఊరి కేంద్రానికి చేరేలా నియమం ఉంటే రెండింటికీ ఆర్థికబంధం ఏర్పడుతుంది. గనుల విషయంలో లాభాల్లో కనీసం ఐదోవంతు గిరిజనుల అభివృద్ధికి కేటాయించాలన్న సమత తీర్పు సూచన ఇక్కడ మార్గదర్శకంగా తీసుకోదగినది.

9. ముగింపు:

అరకులోయలో కళాస్థలాలు ఏర్పడిన తీరును పరిశీలించినప్పుడు, రైలుమార్గం, యుద్ధకాలపు తోట, పర్యాటక విడిదులు కలిసి ఒక సాంస్కృతిక పటాన్ని గీశాయని, అందులో ఊరిబయలుకు చోటు లేదని తేలింది. థింసాలోని వివిధ రూపాలు దేవత సన్నిధిని, రాత్రివేళను, చూసేవారు ఆడేవారుగా మారే వెసులుబాటును కోరుతున్నాయి. కూచిపూడివలె ప్రయాణించగల కళలకు వర్తించే నమూనా వాటికి వర్తించదు. పెసా చట్టం, సమత తీర్పు స్థలనిర్ణయంలో గ్రామసభకు మొదటి స్థానం ఇవ్వవలసిన అవసరాన్ని సూచిస్తున్నాయి. తేజ్‌గఢ్, నూమేయా అనుభవాలు జనం ఉన్నచోటుకు సంస్థ వెళ్లడం ఆచరణసాధ్యమేనని నిరూపించాయి. ఉద్యానవనం పరిచయానికి, గ్రామసభ నేల అభ్యాసానికి అనే విభజన ఈ రెండు అవసరాలనూ గౌరవిస్తుంది. ఈ కొండల్లో ఇకముందు ఏ కళాకేంద్రానికి స్థలం వెతికినా, ఆ వెతుకులాటకు తొలి సమావేశం గ్రామసభలో, ఆ ఊరివారు మాట్లాడే భాషలో జరగాలి.